పావు సూర్యుడు

మా పెళ్లయి రెండో నెల నడుస్తుండగా మా కాలనీలో సూర్యోదయం రద్దయింది.

రద్దు చేస్తున్నట్టు ముందుగా ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం కిందికి దిగితే నోటీసు బోర్డు దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. నేనూ వెళ్లి చదివాను.

"కేంద్రం సిబ్బందికి, వారి కుటుంబ సభ్యులకు ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, నేటి నుండి ఈ ఆవరణలో సూర్యకాంతి ఇరవై నాలుగు గంటలూ ఒకే స్థాయిలో, అనగా నిండు ఎండలో పావు వంతుగా పరిగణించబడును. సూర్యోదయము, మిట్టమధ్యాహ్నము, సూర్యాస్తమయము అను పదములను ఇకపై కార్యాలయ ఉత్తరప్రత్యుత్తరములలో వాడరాదు."

కింద డైరెక్టర్ గారి సంతకం, గుండ్రటి సీలు. నేను చదువుతున్నంతసేపూ ఆ కాగితం మీద తూర్పు నుంచి ఎర్రటి ఎండ పడుతూనే ఉంది. బహుశా సూర్యుడికి ఇంకా కాపీ అందలేదు.

మాది ప్రాంతీయ వాతావరణ నమూనా కేంద్రం. సముద్రానికి కొంచెం ఎగువన, జీడితోటల మధ్య ఒక గుట్ట మీద ఉంటుంది. చుట్టూ ప్రహరీ, లోపల ఆఫీసు, ఆఫీసు వెనక క్వార్టర్లు. ఇంకో యాభై ఏళ్ల తర్వాత ఎండలెలా ఉంటాయి, వానలెలా ఉంటాయి అని ఒక పెద్ద కంప్యూటరు చేత లెక్కలు కట్టించడం ఇక్కడి పని. ఆ లెక్కనే నమూనా అంటారు. మా ఆయన త్రినాథ్ ఆ కంప్యూటరు జోలికి వెళ్లరు. ఆయన పరిశీలకుడు. ఆఫీసు పైకప్పు మీద ఆయన చేతికింద రెండు పరికరాలున్నాయి. గంట గంటకీ ఎండ తీవ్రత చూపించే మీటరు ఒకటి. రెండోది గాజు గోళం. దాని వెనక రోజూ ఒక అట్టముక్క పెడతారు. ఎండ ఆ గోళంలోంచి దూరి అట్ట మీద సన్నగా కాలుస్తూ పోతుంది. కాలిన గీత ఎంత పొడుగుంటే ఆ రోజు అంతసేపు ఎండ కాసినట్టు.

బీఎస్సీ ఫిజిక్సు చదివిన నాకు పెళ్లిచూపుల్లోనే ఈ ఉద్యోగం నచ్చేసింది. అంతకుముందు వచ్చిన అబ్బాయిలు ప్యాకేజీలు చెప్పారు. ఈయన మాత్రం కాఫీ కప్పు కింద పెట్టి, "ఎండ ఎంతసేపు కాసిందో రాస్తానండీ" అన్నారు. లోపలికి వెళ్లి అమ్మతో సరేనని చెప్పాను.

ఒక్క సంగతి మాత్రం తేలాల్సి ఉంది. ఈయన ప్రొబేషన్ గడువు పూర్తయింది కానీ, పూర్తయినట్టు ఉత్తర్వు ఇంకా రాలేదు. డైరెక్టర్ గారు సంతకం పెడితే ఉద్యోగం ఖాయం. పెట్టకపోతే ఉద్యోగమూ పోతుంది, దాంతోపాటు మా క్వార్టరూ పోతుంది. ఆ క్వార్టరు గురించి నేను పేజీలు రాయగలను. వంటింటి కిటికీ తూర్పుకుంది. పొద్దున్న పాలు పొంగే వేళకి ఎండ వచ్చి సరిగ్గా స్టవ్వు పక్కన కూర్చుంటుంది. దాని పక్కన నేను కూర్చుంటాను. మా పుట్టింట్లో వంటిల్లు ఎప్పుడూ చీకటే. కందిపప్పులో రాళ్లు సొంత వెలుతురులో ఏరుకోవడం ఎంత సుఖమో పెళ్లయ్యాకే తెలిసింది.

ఇంతకీ ఈ పావు ఎక్కడినుంచి ఊడిపడిందో ఆ రోజు టిఫిను దగ్గర మా ఆయనే చెప్పారు. ఒక చేతిలో బత్తాయి, ఇంకో చేతిలో ఫోను టార్చి పట్టుకున్నారు.

"ఇదిగో భూమి. ఎప్పుడు చూసినా సగం చీకటి. వెలుగున్న సగంలో కూడా ఎండ నిటారుగా పడేది మధ్యలోనే. అంచులకి పోయేకొద్దీ ఏటవాలు. ఉన్న ఎండంతా బత్తాయి మొత్తానికి సమానంగా పులిమేశామనుకో, ఎంతొస్తుంది?"

"పావు వంతు," అన్నాను. ఫిజిక్సు ఊరికే పోదు.

"అదే. సూర్యుడు ఏ గంటకి ఏ ఊరి మీద ఎంత ఒంగి ఉంటాడో లెక్కపెట్టాలంటే కంప్యూటరుకి చాలా టైము పడుతోందట. మన డైరెక్టర్ గారు ఆ లెక్క తీయించేశారు. పగలూ లేదు, రాత్రీ లేదు. ఎప్పుడూ పావు."

"అందులో తప్పేముందండీ? మొత్తం కలిపితే అంతే కదా?"

"పెద్ద లెక్కల్లో ఇలాంటి సర్దుబాట్లు ఉంటాయి హైమా. లెక్క లెక్కగా ఉన్నంతవరకూ తప్పేం లేదు." అని బత్తాయి ఒలిచి నాకు పెద్ద సగం ఇచ్చారు. మా ఇంట్లో సగటు లేదు.

ఆ వారమే డైరెక్టర్ గారికి సన్మానం జరిగింది. ఏర్పాటు చేసింది డైరెక్టర్ గారే. కుటుంబాలతో రమ్మన్నారు కాబట్టి పెళ్లిలో పెట్టిన నెమలికంఠం రంగు పట్టుచీర కట్టుకుని వెళ్లాను. మైసూరు బజ్జీలు బాగున్నాయి.

డాక్టర్ పరాంకుశం గారు నున్నటి తల, గంభీరమైన గొంతు ఉన్న మనిషి. ఏ మాట అన్నా దానికొక ఫైలు నంబరు ఉందేమో అనిపించేలా అంటారు.

"సూర్యుడు అనువాడు క్రమశిక్షణ లేని ఉద్యోగి వంటివాడు," అని మొదలుపెట్టారు. "ఉదయం మందకొడిగా పనిచేస్తాడు. మధ్యాహ్నం అత్యుత్సాహం చూపిస్తాడు. సాయంత్రానికి ఎర్రబడతాడు. రాత్రి ముందస్తు అనుమతి లేకుండా సెలవు పెడతాడు. ఇన్ని కోట్ల సంవత్సరాలుగా ఇతనిపై ఎవరూ చర్య తీసుకోలేదు. మన కేంద్రం అతణ్ణి క్రమబద్ధీకరించింది."

చప్పట్లు కొట్టాం. తర్వాత తెర మీద బొమ్మ వేశారు. కంప్యూటరు ఎండ చాప పరిచినట్టు చదునుగా ఉంది. దాని మీంచి ఇంకో గీత రోజుకో కొండలా లేచి, పడి, లేచి, పడి పోతోంది.

డైరెక్టర్ గారి కనుబొమలు దగ్గరికొచ్చాయి. "ఈ రెండో గీత ఎవరిది?"

పరిపాలనాధికారి కూర్మారావు గారు లేచి నిలబడ్డారు. "మన త్రినాథ్‌ది సార్. మేడమీద మీటరుది."

"నమూనా ఇంత చక్కగా ఉండగా ఈ వంకర ఎక్కడినుంచి వచ్చింది?"

మా ఆయన కూడా లేచారు. "సూర్యుడి నుంచి సార్."

"వ్యక్తుల పేర్లు చెప్పకండి. పొరపాటు ఏ విభాగంలో జరిగిందో చెప్పండి."

మా ఆయన నా వైపు చూశారు. నా నోట్లో బజ్జీ ఉంది.

మర్నాడు కూర్మారావు గారు స్వయంగా మెమో పట్టుకుని ఇంటికొచ్చారు. మంచాయన. ఎవరికైనా చెడ్డ కాగితం ఇవ్వాల్సి వస్తే ఇంటికెళ్లి, కాఫీ తాగి ఇస్తారు.

"ఏటి త్రినాథూ, ఇలగ చేసీసినావు," అని కుర్చీలో కూలబడ్డారు. "రాత్రిపూట ఎండ సున్నా అని రాసినావట. మజ్జాన్నం నాలుగింతలని రాసినావట. కేంద్రం పరువు తీసీడానికి కుట్ర అంటన్నారు ఆయన. మూడు రోజుల్లో జవాబు ఇయ్యాల."

"ఉన్నదే రాశాను కదండీ. రాత్రి సూర్యుడు లేడు."

"లేడు అని రాయకు బాబూ. లేడంటే నమూనా తప్పని అర్థం వచ్చీస్తది. నీ ప్రొబేషన్ ఫైలు ఆయన బల్ల మీదే ఉంది, మర్చిపోకు." కూర్మారావు గారు కాఫీ గ్లాసు తిప్పుతూ ఆలోచించారు. "ఇలగ రాయి. 'రాత్రి వేళల్లో సూర్యుడు పరిశీలకునికి సహకరించలేదు.' తప్పు ఆడి మీదకి తోసీ. ఆడికి ప్రొబేషనేటి ఉంది."

మా ఆయన అలాగే రాశారు. జవాబు డైరెక్టర్ గారికి నచ్చింది. సహకారం కొరవడిందన్న సంగతి లిఖితపూర్వకంగా తేలింది కాబట్టి, ఇక సహకారం కల్పించడమే మిగిలిందని ఆయన అభిప్రాయపడ్డారు. వెంటనే సమన్వయ సంఘం వేశారు. నమూనాకీ ఆవరణకీ మధ్య ఉన్న తేడాను తొలగించడం దాని పని. నమూనాను ముట్టుకోకూడదన్నది మొదటి నిబంధన. అంటే ముట్టుకోవడానికి మిగిలింది ఆవరణ.

మొదట వీధిదీపాలు తీసేశారు. ఇరవై నాలుగు గంటలూ పావు ఎండ ఉన్నచోట దీపాలు దండగ అన్నారు. రెండ్రోజులకి కూర్మారావు గారి భార్య సన్యాసమ్మ గారు చీకట్లో తులసికోటకి తగిలి బొక్కబోర్లా పడ్డారు. సంఘం సభ్యులు వచ్చి తులసికోటని పరిశీలించారు. సూర్యుడు సరఫరా చేయవలసిన పావు వంతు కాంతిని ఎగవేస్తున్నాడని, ఆ లోటును కేంద్రమే భర్తీ చేయాలని తీర్మానించారు. సాయంత్రానికల్లా స్తంభాలకి పెద్ద పెద్ద ఫ్లడ్‌లైట్లు బిగించారు. మేడమీద మీటరు చుట్టూ ఎనిమిది పెట్టారు, అది పావు దగ్గరికి వచ్చి నిలబడేదాకా.

ఇక మిగిలింది పగటి మిగులు. దానికి నర్సరీల్లో మొక్కల మీద కప్పే పచ్చ వల తెప్పించారు. ఒక వరస కప్పితే సగానికి తగ్గింది. ఇంకో వరస కప్పారు. ఆఫీసు మేడ మీద, క్వార్టర్ల మీద, మధ్యలో పిల్లలాడుకునే జాగా మీద, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా గుట్ట మొత్తానికి దోమతెర కట్టినట్టు కట్టేశారు. మా వంటింటి కిటికీలోకి రోజూ వచ్చే ఎండ ఆ పొద్దున్న రాలేదు. స్టవ్వు పక్కన పాచిరంగు వెలుతురు ఏదో నిలబడి ఉంది. పప్పులో రాళ్లు కనబడక మళ్లీ వేళ్లతో తడుముకున్నాను, పుట్టింట్లోలాగా.

పగలే లేనప్పుడు పగటి డ్యూటీ ఎలా ఉంటుందని తర్వాతి ప్రశ్న. ఉద్యోగి రోజుకి ఎనిమిది గంటలు పనిచేస్తాడు. ఆ ఎనిమిదినీ రోజంతా సమానంగా పులమాలి. రెండు గంటలు పని, నాలుగు గంటలు విశ్రాంతి, మళ్లీ రెండు గంటలు పని. ఇలా మా ఆయన రోజుకి నాలుగుసార్లు ఆఫీసుకి వెళ్లి నాలుగుసార్లు ఇంటికి వచ్చేవారు. కొత్త పెళ్లాన్ని కదా, నాలుగుసార్లూ గుమ్మందాకా ఎదురెళ్లి చేతిలో సంచీ అందుకునేదాన్ని. మొదటి రెండ్రోజులూ భలే సరదాగా ఉంది. నాలుగో రోజున ఆయన వచ్చేసరికి నేను గుమ్మంలోనే నిలబడి నిద్రపోతున్నాను. ఆయన నా చేతికి సంచీ ఇచ్చి, నా పక్కనే గోడకి ఆనుకుని తానూ నిద్రపోయారు.

ఆయన చొక్కాలు ఆరడం మానేశాయి. నేను మొదటిసారి సొంతంగా కలిపిన మాగాయ ముక్కలు ఎండక బూజుపట్టాయి. సన్యాసమ్మ గారి కోడిపుంజు గంటకోసారి కూసి, కూసి, గొంతు పోయి, చివరికి ఎవరి వంకా చూడకుండా బుట్టకింద కూర్చుంది.

"ఏటమ్మా హైమా, అలగ పాలిపోనావు," అన్నారు ఆవిడ ఒకరోజు, మెట్ల దగ్గర. ఆవిడ మొహం కూడా పచ్చగానే ఉంది. అది వల వల్లో, ఒంట్లో బాగోకో తెలియలేదు.

"మీరూ అలాగే ఉన్నారండీ."

"పోన్లే. ఇద్దరం పావుకి వచ్చీసినాం."

అయితే సమన్వయం మాత్రం సంపూర్ణంగా జరిగింది. మేడమీద మీటరు గీత చాపలా పడుకుంది. నమూనాతో నూటికి నూరు పాళ్లు సరిపోయిందని డైరెక్టర్ గారు రాజధానికి నివేదిక పంపారు. ఇతర జిల్లాల వాళ్లు వచ్చి వలలు చూసి, కొలతలు రాసుకుని వెళ్లారు. ఒకాయన తమ ఊళ్లో వానను కూడా ఇలాగే ఏడాది పొడుగునా సమంగా చల్లిస్తామని, పైపులు ఎక్కడ దొరుకుతాయని అడిగారు.

ఇంత సంబరంలో ఒక్కటే లోటు మిగిలింది. గాజు గోళం. రెండు వరసల వల కింద అది అట్టని కాల్చలేకపోయింది. ఫ్లడ్‌లైట్ల వెలుగులో అసలే కాల్చలేదు. అట్ట పెట్టింది పెట్టినట్టే తెల్లగా వచ్చేది. మా ఆయన దాన్ని చూసి, కేంద్రంలో ఎండ కాసిన సమయం సున్నా అని రాసేవారు. నెలంతా సున్నాలు.

ఈసారి మెమో కాదు, అభియోగపత్రం వచ్చింది. కేంద్రం ఇరవై నాలుగు గంటలూ ఎండ సమకూరుస్తుండగా, సదరు ప్రొబేషనరు ఒక్క నిమిషం కూడా ఎండ లేదని దురుద్దేశంతో నమోదు చేసినాడు కావున, సర్వీసు నుండి ఎందుకు తొలగించరాదో విచారణలో తెలుపుకొనవలెను.

ఆ పూట నాకు మొదటిసారి భయం వేసింది. "ఇరవై నాలుగని రాసేయండి," అన్నాను. "అందరూ రాస్తున్నారు. మనకేం, ఇల్లు నిలబడుతుంది."

"రాద్దామనే కూర్చున్నా హైమా," అన్నారు మా ఆయన. "తెల్లటి అట్ట చేత్తో పట్టుకుని, కాలిందని రాయాలి. అంత చక్కటి అబద్ధానికి నా దస్తూరీ సరిపోవట్లేదు." నవ్వడానికి ప్రయత్నించారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. కిటికీలో పాచిరంగు మాత్రం ఎటూ కదలకుండా ఉంది.

విచారణాధికారి నీలాద్రిరావు గారు రాజధాని నుంచి వచ్చారు. రిటైరయ్యాక విచారణలే చేస్తూ బతుకుతున్న పెద్దమనిషి. తెల్ల లాల్చీ, మందపాటి కళ్లద్దాలు. నన్ను కూడా సాక్షిగా పిలిచారు. ఇంట్లో సూర్యుడి పట్ల మా ఆయన వైఖరి ఎలా ఉంటుందో తెలుసుకోవాలట.

సమావేశ మందిరంలో అందరం కూర్చున్నాం. బయట మిట్టమధ్యాహ్నం. లోపల చెరువు అడుగున కూర్చున్నట్టుంది. నీలాద్రిరావు గారు అభియోగపత్రం తెరిచి, కళ్లకి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, మళ్లీ దగ్గరగా పెట్టుకున్నారు.

"లైటు వేయించండి."

కూర్మారావు గారు చేతులు కట్టుకున్నారు. "ఈ వేళప్పుడు లైటేస్తే పావు దాటిపోద్ది సార్. రూలు ఒప్పదు."

"అయితే కిటికీ దగ్గరికి వెళదాం."

కిటికీ దగ్గరా వలే. నీలాద్రిరావు గారు అక్కడ కాసేపు నిలబడి, కాగితాన్ని గాలికేసి ఊపి, "చదవకుండా విచారణ చేయడం నాకు అలవాటే గానీ, కనీసం ముద్దాయి పేరైనా తెలియాలి," అన్నారు. "వెలుతురు ఎక్కడుంది?"

డైరెక్టర్ గారు దగ్గారు. "వెలుతురు ఆవరణ అంతటా సమానంగా ఉన్నదండీ."

"అది సరే. చదువుకోవడానికి ఎక్కడుంది?"

"గేటు బయట, టీకొట్టు దగ్గర," అన్నాను నేను. సాక్షిని కాబట్టి నిజమే చెప్పాలి కదా.

అందరం ఊరేగింపుగా గేటు దాటాం. దాటగానే ఎండ ఫెళ్లున మొహాన కొట్టింది. ఎన్నాళ్లయిందో. చెంపలు చురుక్కుమంటుంటే నాకు సిగ్గు లేకుండా ఆనందం వేసి, పట్టపగలు మొగుడి ఉద్యోగం పోయే విచారణలో నిలబడి మొహం పైకెత్తి కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి నీలాద్రిరావు గారు బెంచీ మీద కూర్చుని, ఒక చేత్తో టీ, ఒక చేత్తో అభియోగపత్రం పట్టుకుని హాయిగా చదివేస్తున్నారు.

"అమ్మా, మీ ఆయన ఇంట్లో సూర్యుణ్ణి ఒప్పుకుంటారా?"

"వస్తే ఒప్పుకుంటారండీ. రాకపోతే రాలేదంటారు."

"పక్షపాతం లేదన్నమాట." ఆయన టీ పూర్తిచేసి, గేటు లోపలికి చూసి, పైకి చూసి, మళ్లీ గేటు లోపలికి చూసి, అక్కడే బెంచీ మీదే తీర్పు రాసి చదివారు. "ముద్దాయి చెప్పుచున్న సూర్యుడు కేంద్రం ఆవరణలో ఎక్కడనూ కానరాలేదు. గేటు వెలుపల మాత్రము ఉన్నట్లు విచారణాధికారి స్వయముగా గమనించడమైనది. కావున సదరు సూర్యుడు కేంద్రం పరిధిలోకి రాడు. పరిధిలో లేని సూర్యుణ్ణి పరిధిలో కూర్చుని వెదకుట స్థలదోషమే గాని నేరము కాదు. పరిశీలకుణ్ణి పరికరములతో సహా సూర్యుడు ఉన్న చోటికి పంపవలెను. ప్రొబేషన్ విషయము డైరెక్టర్ గారి విచక్షణకు వదిలివేయడమైనది."

అలా బాహ్య సూర్య విభాగం ఏర్పడింది. సిబ్బంది ఒక్కరు. విభాగం ఆవరణ బయటిది కాబట్టి సిబ్బందికి క్వార్టరు వర్తించదన్నారు. గేటుకి ఎదురుగా ఒక పాత మేడ మీద ఒంటిగది, దాని ముందు చదునైన డాబా అద్దెకి తీసుకున్నాం. సామాను మోసి మోసి నడుం పడిపోయింది. మర్నాడు పొద్దున్న తలుపు తీశాను. ఎండ గుమ్మంలోనే కూర్చుని ఉంది, ఎవరి అనుమతీ అడక్కుండా. కాఫీ పట్టుకుని దాని పక్కన కూర్చున్నాను. మా ఆయన డాబా చివర గాజు గోళం బిగిస్తూ ఈల వేశారు. పెళ్లయ్యాక ఆయన ఈల వినడం అదే మొదలు.

అయినా మెడమీద వేలాడే కత్తి ఇంకా పోలేదు. కూర్మారావు గారు మెట్లెక్కి వచ్చి చెప్పారు. "ఆయన విచక్షణేటంటే, నెలాఖరు రిపోర్టులో ఇక్కడ కూడా ఎండ పావు అని నువ్వు రాయాల. రాస్తే ప్రొబేషన్ సంతకం. లేకపోతే ఫైలు మూసీమన్నారు. ఇంక నీ ఇష్టం బాబూ." అని చెప్పి, డాబా మీద కాసేపు చొక్కా గుండీలు విప్పుకుని నిలబడి వెళ్లారు.

ఆ వేళ నుంచి కాలనీ ఆడవాళ్లు ఒక్కొక్కరే రావడం మొదలెట్టారు. సన్యాసమ్మ గారు అప్పడాలు తెచ్చారు. ఇంకొకావిడ పసిపిల్లాణ్ణి తెచ్చి, నూనె రాసి, డాబా మీద పడుకోబెట్టారు. పదింటికల్లా మా డాబా మీద మిరపకాయలు, పక్కబట్టలు, దిళ్లు, కోడిపుంజు. గేటు దగ్గర వాచ్‌మన్ ఏ పనిమీద వెళ్తున్నారని అడిగితే "బాహ్య విభాగానికి" అని చెప్పేవారు. నాకు పేరంటం చేస్తున్నట్టుండేది. అందరికీ మజ్జిగ కలిపేదాన్ని.

నెలాఖరు రోజున మా ఆయన ఖాళీ రిపోర్టు ముందు పెట్టుకుని గోడవారన కూర్చుని ఉన్నారు. ఎండలు ముదిరిన వైశాఖం. పది కూడా కాలేదు, డాబా మీద చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేకపోతున్నాం. మెట్ల మీద బరువైన అడుగులు వినబడ్డాయి. డైరెక్టర్ పరాంకుశం గారు. వెనక కుర్చీ ఒక చేత్తో, ఫైళ్ల కట్ట ఒక చేత్తో పట్టుకుని కూర్మారావు గారు.

ఆడవాళ్లంతా గబగబా గదిలోకి వెళ్లిపోయారు. డైరెక్టర్ గారు మిరపకాయలనీ కోడినీ చూడనట్టు చూశారు. ఆయన మొహం తెల్లగా పాలిపోయి ఉంది. మోకాళ్లు పట్టుకుని కుర్చీలో కూర్చున్నారు.

"ఇది తనిఖీ కాదు," అన్నారు. "ఎముకల డాక్టరు గారు రోజూ అరగంట ఎండలో కూర్చోమన్నారు. మా ఆవరణలో ఇరవై నాలుగు గంటలూ ఎండేనని ఆవిడకి వివరించాను. మళ్లీ రక్తపరీక్ష రాశారు. నమూనాల పట్ల వైద్యరంగంలో అవగాహన చాలా తక్కువ."

"కూర్చోండి సార్," అన్నారు మా ఆయన.

"మీ రిపోర్టు పూర్తయిందా?"

"మీరు స్వయంగా వచ్చారు కదా సార్. చూసి మీరెంతంటే అంత రాసేస్తాను."

డైరెక్టర్ గారి నున్నటి తల మీద అప్పటికే చెమట చుక్కలు మెరుస్తున్నాయి. కుర్చీలో నిటారుగా సర్దుకున్నారు. "పావు. రాసుకోండి."

మా ఆయన కలం మూత తీశారు. మా ఇల్లూ వాకిలీ ఆ కలం మొన మీద ఉన్నాయి. నేను మజ్జిగ గ్లాసు డైరెక్టర్ గారికి అందిస్తూ, నాకు వచ్చిన చిన్న సందేహం అడిగాను.

"డాక్టరు గారు అరగంట అన్నది మామూలు ఎండ లెక్కలో కదండీ? ఇది పావు ఎండైతే మీరు రెండు గంటలు కూర్చోవాలేమో."

డైరెక్టర్ గారు గ్లాసు నోటిదాకా తీసుకెళ్లి ఆగారు. కూర్మారావు గారు వేళ్లు మడిచి, "అవును సార్, నాలుగింతలు. రెండు గంటలే అవుతాది," అన్నారు బాధ్యతగా.

కుర్చీ ఇనుప చేతులు కాలుతున్నట్టున్నాయి, డైరెక్టర్ గారు వాటిమీంచి మోచేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. చెమట కనుబొమల మీంచి దిగి కంట్లో పడింది. మా ఆయన కలం పట్టుకుని వినయంగా ఎదురుచూస్తున్నారు.

"కూర్మారావు గారూ."

"సార్."

"నోట్ ఫైలు తీయండి. రాసుకోండి. 'బాహ్య సూర్య విభాగపు డాబా వరకు, ఉదయం పది గంటల నుండి పదిన్నర వరకు, సూర్యుడు నిండుగా కాయుటకు ప్రత్యేక మినహాయింపు ఇవ్వడమైనది. ఆ సమయమునకు పరిశీలకుడు నిండు ఎండ అని నమోదు చేయవచ్చును.'" గ్లాసులో మజ్జిగ మొత్తం తాగేశారు. "నిబంధనలకు లోబడి పనిచేసిన పరిశీలకునిపై ఇక అభ్యంతరం ఉండదు. ఆ ప్రొబేషన్ కాగితం కూడా ఇలా ఇవ్వండి. ఇక్కడైతే అక్షరాలు కనబడుతున్నాయి."

సంతకం పెట్టారు. కూర్మారావు గారు సిరా ఆరడానికి కాగితాన్ని ఊదబోయి, అవసరం లేదని గమనించి మానేశారు. గదిలోంచి సన్యాసమ్మ గారు గాజులు గలగలమనకుండా చప్పట్లు కొట్టడం నాకు కనబడింది. మా ఆయన నా వైపు చూశారు. ఈసారి నా నోట్లో ఏమీ లేదు గానీ, మాట మాత్రం రాలేదు.

డైరెక్టర్ గారు అరగంటా పట్టుదలగా కూర్చున్నారు. సరిగ్గా పదిన్నరకి లేచి, జేబురుమాలుతో తల తుడుచుకుని, కళ్లు చిట్లించి ఆకాశం వైపు చూశారు.

"సమయం అయిపోయింది," అన్నారు కాస్త కటువుగా.

సూర్యుడు కదల్లేదు. కింద, ఎదురుగా ఉన్న గేటు దాకా తారురోడ్డు మీద ఆవిర్లు లేస్తున్నాయి. డైరెక్టర్ గారు ఇంకాసేపు చూశారు. తర్వాత నావైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగారు.

"అమ్మాయ్, గొడుగుంటే ఒకటి ఇస్తావా?"